కంచెకు వెలుపల తనిఖీ: శ్రీ సిటీ పరిసర పంచాయతీల సమస్య

అంగడిలోని తూనికలను, ఆహారపదార్థముల మంచిచెడ్డలను పరీక్షించుట పాలకుల విధి యని మన పూర్వులు ఏనాడో గుర్తించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలకు, కొలతలకు పౌతవాధ్యక్షుడు కలడు. ముస్లిం ప్రభువుల పాలనలో బజారుపై కన్నువేసి యుంచు అధికారిని ముహతసిబ్ అనిరి. పేర్లు మారినవి గాని పని మారలేదు. అనుమతి నిచ్చుట ఒకటి. ఇచ్చిన పిమ్మట పోయి చూచుట మరియొకటి. మొదటిదానికి రుసుము వచ్చును. రెండవదానికి ఖర్చు మాత్రమే యగును. ధనము కొరవడినప్పుడు ఏది ముందుగా ఆగిపోవునో ఊహించుట కష్టము కాదు.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలములలో 2008లో ఆరంభమైన శ్రీ సిటీ ఇందుకు దగ్గరి ఉదాహరణము. ఇది చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున నున్నది. ఈ ప్రాంతమునకు ఏలుబడి మారుట కొత్త కాదు. సత్యవేడు సీమ చెంగల్పట్టు జిల్లాలో నుండి, పటాస్కర్ నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాకు వచ్చినది; 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరినది. 2016లో ఇచ్చట ఇసుజు వాహనముల కర్మాగారము, మోండెలెజ్ వారి చాకొలెట్ కర్మాగారము ప్రారంభింపబడినవి.

ఇంతటి కర్మాగారములకు తనిఖీదారుల కొరత లేదు. భారీ ఆహార పరిశ్రమకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద కేంద్ర లైసెన్సు కావలెను. నీటికి, గాలికి కాలుష్య నియంత్రణ మండలి, యంత్రములకు ఫ్యాక్టరీల శాఖ కలవు. కాని షిఫ్టు ముగించుకొని బస్సు దిగిన కార్మికురాలు పండుకొను గది, భోజనము చేయు మెస్సు, ఆ మెస్సు వెనుకనున్న మురుగు కాలువ కంచెకు వెలుపలి గ్రామములలో నున్నవి. అచ్చట కేంద్ర లైసెన్సు లేదు, పెద్ద అధికారి లేడు. పంచాయతీ కార్యదర్శి కలడు.

2021 డిసెంబరులో పొరుగు రాష్ట్రమున, శ్రీపెరుంబుదూరు ప్రాంతపు ఎలక్ట్రానిక్ కర్మాగారములో పనిచేయు స్త్రీలు నివసించిన వసతిగృహమున ఆహారము కలుషితమై 150 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. వార్త వ్యాపించి, కార్మికులు రహదారి మీదికి వచ్చిన తరువాత గాని కర్మాగారపు పేరు గలవారు వసతిగృహములను చూడలేదు. అది కంచెకు వెలుపలి సంగతి!

మన పంచాయతీలకు తనిఖీదారులను పోషించు శక్తి కలదా? 2019కి ముందు కొన్ని పంచాయతీలను క్లస్టరుగా కూర్చి ఒకే కార్యదర్శిని నియమించు వాడుక యుండెను. ఆ యేటి అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చి, సర్వేయరు, ఇంజనీరింగు సహాయకుడు, ఏ.ఎన్.ఎం. మొదలైనవారు గ్రామమునకు చేరిరి. 2025లో ప్రభుత్వము జనాభాను బట్టి సచివాలయములను మూడు తరగతులు చేసి, ఒక్కొక్కదానికి 6 నుండి 8 మందిని నిర్ణయించినది. జనాభా లెక్కలోనికి అద్దెగదులలోని పరవూరి కార్మికులు సరిగా రారు. పైగా ఆ సిబ్బందిలో ఆహార భద్రతా అధికారి లేడు. ఆయన అనేక మండలములకు ఉమ్మడి. మెస్సునుండి తీసిన నమూనాపై విశ్లేషకుడు 14 దినములలో నివేదిక నీయవలెనని చట్టము. మెస్సులో వంట మాత్రము ప్రతిదినము జరుగును.

ధనము సంగతి మరింత ఇరుకు. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థల కిచ్చిన గ్రాంటులో 60 శాతము మంచినీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినది. మిగిలినదైనను స్వేచ్ఛగా చేతికి రాలేదు. 2021లో మన రాష్ట్రమున పంచాయతీల ఆర్థిక సంఘపు నిధులను విద్యుత్తు బకాయిలకు సర్దుబాటు చేయగా సర్పంచులు ఆందోళన చేసిరి.

ఖర్చును పంచుకొనుట ఇతర దేశములవారును ప్రయత్నించిరి. ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో ఆరు జిల్లా కౌన్సిళ్లు, కౌంటీ కౌన్సిలు కలిసి 2010లో ఆహార తనిఖీ, లైసెన్సులు, తూనికలకు ఒకే సేవాసంస్థను నెలకొల్పుకొన్నవి. ఒకే కార్యాలయము, ఒకే నిపుణవర్గము గనుక ఆదా యైనది. కొన్నేండ్లకు కౌంటీ కౌన్సిలు తన వాటాను తగ్గించుకొని, 2016లో భాగస్వామ్యమునుండి తొలగినది. కలిసినప్పుడు ఖర్చు తగ్గును, నిజమే. కాని ఒకరు చేయి వెనుకకు తీసినచో మిగిలినవారు ఎక్కువ చెల్లింపవలెను, లేదా తనిఖీలు తగ్గవలెను. కనుక కనీసపు తనిఖీల సంఖ్యను, కనీసపు వాటాను ఒప్పందములో ముందే వ్రాసికొనవలెనని నా అభిప్రాయము.

మనకు కొత్త చట్టముతో పనిలేదు. రెండు లేక అంతకు మించిన పంచాయతీలు కూడి సంయుక్త సంఘము నేర్పరచుకొనుటకు పంచాయతీరాజ్ చట్టములోనే వీలున్నది. ధనమునకు మార్గదర్శకముగా ఏపీఐఐసీ పారిశ్రామిక వాడల పద్ధతిని చూడవచ్చును. అచ్చట వాడలోని స్థానికాధికార సంస్థయే ఆస్తిపన్ను వసూలు చేసి, 35 శాతమును స్థానిక సంస్థ కిచ్చును. శ్రీ సిటీ చుట్టుపట్ల నైనను పరిశ్రమలనుండి వచ్చు రాబడిలో కొంతభాగమును పరిశ్రమ నిలిచిన భూమిని బట్టి గాక, కార్మికులు నిద్రించు మంచముల సంఖ్యను బట్టి పంచుట న్యాయము. అందులో ఒక ఉమ్మడి ఆరోగ్య తనిఖీదారుని జీతమును ప్రత్యేకముగా తీసియుంచవలెను. కరెంటు బిల్లుకు దానిని ముట్టరాదు.

వసతిగృహములు లేని చిన్న పంచాయతీ తానెందుకు చేరవలెనని అడుగవచ్చును. దానికి ఏ భారమును వేయనక్కరలేదు. కాని పై ఊరి మురుగు దాని చెరువులోనికే దిగునప్పుడు, ఆ సంఘములో దానికొక ఓటు ఉండవలసినదే.