దారం నడిచే దారి

గాలంతో చేపను పట్టే విద్య మన దేశంలో చాలా ప్రాచీనమైనది. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం'లో రాజుల వినోదాలను వివరిస్తూ, మత్స్యవినోదానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. మన కావ్యాలలోనూ మీనం తరచుగా కనిపిస్తుంది. లేడి వినికిడికి, మిడుత చూపుకు, తుమ్మెద వాసనకు లోబడి నశించినట్లే చేప రుచికి లోబడి నశిస్తుందని చెప్పడం కవులకు పరిపాటి. వారు ఎరను చూశారు, ముల్లును చూశారు. చేతిలోని కర్రను, దాని వెంట దారం నడిచే తీరును పట్టించుకున్నవారు మాత్రం నేను చదివినంతలో కనబడలేదు. వారు విడిచిపెట్టిన ఆ భాగమే ఈ పాఠానికి విషయం.

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పరిసరాలు ప్రధానంగా చెరువుల సీమ. వానలు కురిసిన ఏడు చెరువు నిండుతుంది. నిండిన చెరువులో కొర్రమీను, జెల్ల, జిలేబి చేపలతోపాటు పెంపకానికి వదిలిన బొచ్చె, శీలావతి పెరుగుతాయి. కట్టమీద కూర్చుని గాలం వేసే అలవాటు ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. నీలగిరులు ప్రసిద్ధిలోకి రాకమునుపు మద్రాసు దొరలు వేసవి విడిదికి పలమనేరుకు వచ్చేవారు. అప్పటి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్, భారతదేశపు చెరువులలో గాలం వేయడాన్ని గురించి 1887లో ఒక గ్రంథమే ప్రకటించాడు.

మన పల్లెలలో వాడే గాలపు కర్ర నిర్మాణం సులభం. వెదురు కర్ర కొసకు దారం, దారానికి జొన్నదంటు బెండు, దాని దిగువన ముల్లు, అంతే. చిన్న చేపకు ఇది చాలు. కాని మూడు కిలోల బొచ్చె ముల్లు మింగి పరుగు తీసినప్పుడు కొసకు కట్టిన దారం ఇక సాగదు. దారమైనా తెగాలి, కర్రనైనా చేయి వదలాలి. ఈ చిక్కును తీర్చడానికే దారాన్ని చుట్టి ఉంచుకొని, అవసరమైనప్పుడు విడిచే రీలు వచ్చింది. రీలు రావడంతో దారాన్ని కర్ర వెంట నడిపించే ఉంగరాలు తప్పనిసరి అయ్యాయి. అంగళ్లలో వీటిని గైడ్లు అంటారు. ఇంగ్లాండులో 17వ శతాబ్దం నాటికే కర్ర కొసన తీగచుట్ట ఒకటి అమర్చి దారాన్ని అందులోనుంచి పోనిచ్చేవారు. నేటి కర్రమీద ఏడెనిమిది ఉంగరాలైనా ఉంటాయి.

ఉంగరాలు లేని కర్రను విడిగా కొని, తమ పద్ధతికి తగినట్లు వాటిని కట్టించుకొనేవారు ఇటీవల మన దేశంలోనూ కనిపిస్తున్నారు. వారు మొదట అడిగే ప్రశ్న ఉంగరం ఖరీదు గురించే. నా అభిప్రాయంలో అది చివర అడగవలసిన ప్రశ్న. ఉంగరం ఎక్కడ ఉన్నది, ఎన్ని ఉన్నవి, ఎంత బరువున్నది అన్నవే ముందు తేలాలి.

కదలని చుట్టనుంచి దారం విడిపోయే రీళ్లలో, విసిరినప్పుడు దారం తిన్నగా రాదు. మెలికలు మెలికలుగా, పెద్ద చుట్టలుగా ఎగిరివస్తుంది. ఆ చుట్టలను అణచి ఒక్క గీతగా మార్చడం రీలుకు దగ్గరనున్న మొదటి ఉంగరం పని. అందుకే అది వెడల్పుగా, కర్రకు ఎత్తుగా నిలిచి ఉంటుంది. తరువాతివి కొసవైపు క్రమంగా చిన్నవవుతాయి. మొదటి ఉంగరం మరీ చిన్నదైనా, రీలుకు మరీ దగ్గరైనా చుట్టలు దానిని కొట్టుకుని వేగం కోల్పోతాయి. దారం చిక్కుపడడం కూడా ఎక్కువగా అక్కడే.

చేప లాగినప్పటి కథ వేరు. ఉంగరాలు పెరిగితే ఘర్షణ కూడా పెరుగుతుందని చాలామంది భావిస్తారు. విసిరేటప్పుడు అది కొంతవరకు నిజమే. చేప బరువు దారంమీద పడినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. పొగరుబోతు ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు చుట్టి ఒక బాలుడు సైతం నిలపగలడు. అక్కడ ఘర్షణను నిర్ణయించేది పలుపు గుంజచుట్టూ తిరిగిన మొత్తం కోణం. కర్రమీద కూడా ఇదే సూత్రం. కర్ర వంగి దారం మొత్తం 90 డిగ్రీలు తిరిగిందనుకోండి. మూడు ఉంగరాలుంటే ఒక్కొక్కదాని వద్ద 30 డిగ్రీలు, తొమ్మిది ఉంటే 10 డిగ్రీలు మలుపు పడుతుంది. మొత్తం మారదు కనుక ఘర్షణ కూడా దాదాపు అంతే. అయితే మూడింటితో దారం ప్రతి ఉంగరం వద్ద గట్టిగా విరుగుతుంది. ఉంగరాల మధ్య కర్ర వంపును విడిచి అడ్డంగా సాగుతుంది. బరువంతా మూడు చోట్లనే పడుతుంది. కర్ర పగిలే ప్రమాదం అక్కడ ఉన్నది.

అలాగని ఉంగరాలను విచ్చలవిడిగా పెంచరాదు. మూడడుగుల దూరంలో ఉన్న ఉంగరాన్ని ఆరడుగుల దూరానికి జరిపితే, కర్రను తిప్పేటప్పుడు అది చూపే జడత్వం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కొసన రెండు గ్రాములు పెరిగినా కర్ర మందగిస్తుంది. కాబట్టి కొసవైపు ఉంగరాలు దగ్గరగా, కాని చిన్నవిగా, తేలికగా ఉండాలి. ఏడడుగుల కర్రకు ఏడో ఎనిమిదో చాలునన్నది కట్టేవారి వాడుక లెక్క.

అనుభవజ్ఞుడు వీటిని ముందుగానే కట్టివేయడు. అంటుపట్టీతో తాత్కాలికంగా అతికించి, దారాన్ని అన్నింటిగుండా పోనిచ్చి, చివర బరువు వేలాడదీసి కర్రను వంచి చూస్తాడు. వంపు ఎక్కడ విరిగినట్లు కనబడితే అక్కడ ఉంగరాన్ని అంగుళమో అరంగుళమో జరుపుతాడు. దారం కర్ర వంపును సాఫీగా అనుసరించిన తరువాతనే ఉంగరపు పాదాలను నైలాను దారంతో చుట్టి, ఎపాక్సీ జిగురు పూస్తాడు. పూర్వం ఈ చుట్టుడు పట్టుదారంతో, పూత వార్నీషుతో జరిగేది.

ఇక ఖరీదు ప్రశ్న. పట్టుదారం తీసే యంత్రంమీద దారం పింగాణీ కన్నుగుండా పోవడం మన ప్రాంత విద్యార్థులు చూసే ఉంటారు. మెత్తని లోహమైతే దారమే దానిని కోస్తుంది. గాలపు ఉంగరం లోపల కూడా అందుకే పింగాణీ జాతి పదార్థాన్ని అమరుస్తారు. అల్యూమినియం ఆక్సైడు చవక; సిలికాన్ కార్బైడు మరింత కఠినం, నునుపు, వేడిని త్వరగా వదిలిస్తుంది. సన్నని అల్లికదారం వాడేవారికి ఈ తేడా ముఖ్యం. సాధారణ నైలాను దారంతో జిలేబి చేపలు పట్టేవారికి మొదటిది ధారాళంగా సరిపోతుంది.

అయితే ఈ కఠిన పదార్థాలన్నీ పెళుసైనవి. చేప లాగినందువల్ల ఇవి పగలడం అరుదు. మోటారుసైకిలుకు కట్టి తెచ్చేటప్పుడు, కట్ట రాళ్లమీద పడవేసినప్పుడు సన్నని పగుళ్లు వస్తాయి. అవి కంటికి ఆనవు. కాని ఆ పగులు దారాన్ని ప్రతిసారీ గీరుతుంది. సాయంత్రందాకా కాచుకున్న తరువాత పడిన పెద్ద చేప, దారం ఎందుకు తెగిందో తెలియనివ్వకుండానే పోతుంది. మనిషికి పోయేది ఒక పూట శ్రమ, ఒక పూట కూర. నోటిలో ముల్లుతో, వెనుక ఇరవై గజాల దారంతో వెళ్లిన చేప తుంగలో చిక్కుకుని మెల్లగా చస్తుంది. ఆ దారం కుళ్లదు గనుక తరువాత కొంగ కాళ్లకో నీటికోడి మెడకో చుట్టుకుంటుంది.

పగులును కనిపెట్టడానికి పరికరాలు అక్కరలేదు. చిటికెడు దూదిని ఉంగరంలోనుంచి లాగితే, పగులున్నచోట ఒక పోగు పట్టుకుని నిలుస్తుంది. చెరువుకు బయలుదేరేముందు ఎనిమిది ఉంగరాలను ఇలా చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ప్రశ్నలు
1. ఉంగరాల సంఖ్య పెరిగినా చేప లాగేటప్పుడు ఘర్షణ పెద్దగా పెరగదని రచయిత ఎలా నిరూపించాడు?
2. మొదటి ఉంగరం పెద్దదిగా, కొసవైపువి చిన్నవిగా ఉండడానికి కారణాలేమి?
3. మీ ఊరి చెరువులో వాడే గాలపు కర్రను పరిశీలించి, దాని నిర్మాణాన్ని పదిహేను పంక్తులలో వర్ణించండి.