పాత ఔట్‌బోర్డు మోటారు: గేరు పెట్టెలో నీరు చేరినచో

హైదరాబాదు రాంనగర్ చేపల మార్కెట్టుకు జలాశయాల నుండియు, కోస్తా నుండియు చేపలు వచ్చును. పడవ నడినీట ఆగినచో ఆ చేపలు సకాలమున చేరక చెడిపోవును. కావున పాత మోటారు కొను మత్స్యకారులు నీట మునుగు గేరు పెట్టెను ముందుగా పరీక్షించవలెను.

గుర్తు: మోటారును ఒక రాత్రి నిటారుగా నిలిపి, మరునాడు పెట్టె క్రింది మరను కొద్దిగా వదులు చేయుడు. నూనెకు ముందు నీరు వచ్చినను, నూనె మజ్జిగవలె తెల్లబడినను, నీరు లోనికి చేరుచున్నట్లే. అట్టి నూనెతో నడిపిన గేర్లు, బేరింగులు తుప్పుపట్టి అరిగిపోవును.

కారణము: తరచుగా వలదారము పంకాకు, పెట్టెకు నడుమ ఇరుసుకు చుట్టుకొని సీలు అంచును కోయును.

పరీక్ష: నూనె తీసి, క్రింది మర బిగించి, పై రంధ్రము గుండా చదరపు అంగుళమునకు సుమారు 10 పౌనుల గాలి పట్టించి నీట ముంచుడు. బుడగలు వచ్చు చోటే లోపము. మరల వద్ద వచ్చిన, వాషర్లు మార్చిన చాలును.

మరమ్మతు: పంకా, బేరింగు గూడు తీసి పాత సీళ్ళను తొలగించుడు. అవి ఏ వైపు తిరిగియున్నవో గుర్తుంచుకొనుడు. సాధారణముగా రెండుండును, ఒకటి నూనెను, రెండవది నీటిని ఆపును. ఇరుసుపై గోటికి గాడి తగిలినచో క్రొత్త సీలు నిలువదు, ఇరుసునే మార్చవలెను. క్రొత్త సీళ్ళకు గ్రీజు రాసి, వంకర పోకుండ దించుడు.

నూనెను క్రింది రంధ్రము నుండి, పైన పొర్లు వరకు ఎక్కించుడు. పై మరను ముందు, క్రింది మరను తరువాత బిగించుడు. కొన్ని గంటలు నడిపి మరల చూడుడు. పాత నూనెను చెరువులో పోయరాదు.

సీలు ఖర్చు స్వల్పము. గేర్ల ఖర్చు అధికము.