పిల్లలతో తొలిసారి హైదరాబాద్‌కు

పరీక్షలు అయిపోయి, తోటల్లో బెనిషాన్ మామిడి కోతకొచ్చే రోజుల్లో కొల్లాపూర్ ఇళ్లలో పిల్లల నోట తరచూ వినపడే మాట ఒకటుంది: "హైదరాబాద్ పోదాం, బిర్యానీ తిందాం." ఫోన్‌లో వీడియోలు చూసి చూసి వాళ్లకు చార్మినార్ ఇప్పటికే పరిచయం. తీసుకెళ్లండి, మంచి కోరికే అది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటకాల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి నగరం అదే. రెండు వందల కిలోమీటర్లలోపే అలాంటి ఊరు ఉండగా పిల్లలకు చూపించకపోతే లోటే. కాకపోతే బయల్దేరే ముందు ఒక్కటి నిశ్చయించుకోండి. ఆ రోజు ఎంత తినాలో, ఎంత తిరగాలో పిల్లల పొట్ట, పిల్లల కాళ్లు చెప్పాలి. మనం రాసుకున్న జాబితా చెప్పకూడదు.

చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఎట్లాగూ ఇంత దూరం వచ్చాం కదా అని పొద్దున దోశ, తర్వాత చాట్, మధ్యాహ్నం బిర్యానీ, దాని మీద రెండు రకాల మీఠా, సాయంత్రం ఐస్‌క్రీమ్, బస్సెక్కే ముందు ఇంకేదో పొట్లం. పెద్దవాళ్లం మనమే తట్టుకోలేం. ఆరేళ్ల పిల్ల తిరుగుదారిలో జడ్చర్ల దాటకముందే కక్కేస్తుంది. ఆ తర్వాత ఎన్నాళ్లైనా ఆ పిల్లకు హైదరాబాద్ అంటే కడుపునొప్పే గుర్తొస్తుంది. మూడు రుచులు పెట్టుకోండి, చాలు: బిర్యానీ, ఉస్మానియా బిస్కెట్, ఒక మీఠా. మిగతావి మళ్లీ వచ్చినప్పుడు.

ప్రయాణం సంగతి ముందు చెబుతాను. నాగర్‌కర్నూల్, బిజినేపల్లి మీదుగా జడ్చర్ల చేరి హైవే ఎక్కే దారి పిల్లలకు పొడుగే అనిపిస్తుంది. బస్సు పడని పిల్లలకు పొద్దున కడుపునిండా పెట్టొద్దు, ఖాళీ కడుపుతోనూ ఎక్కించొద్దు. ఒక జొన్న రొట్టె ముక్కో, కొంచెం పెరుగన్నమో చాలు. ముందు వరుసల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. దారిలో బస్సు ఆగిన చోట మిర్చి బజ్జీలు అడిగితే మెల్లగా మాట మార్చండి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు జీరో టికెట్ ఉంది కదా. నాన్నకు తీరిక దొరికేదాకా ఆగాల్సిన పనిలేదు, అమ్మే పిల్లల్ని తీసుకుని బయల్దేరవచ్చు. ఆధార్ కార్డు మాత్రం చేతిసంచిలో ఉండాలి.

చుట్టాల ఇంట్లో దిగేటట్టయితే వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి: "వదినా, పగటికి మాకు వంట పెట్టకు, రాత్రికి పప్పు, అన్నం చాలు." లేకపోతే వాళ్లు ప్రేమతో కోడికూర వండి కూర్చుంటారు, మీరు కాదనలేరు, పిల్లలు రెండు చోట్లా తినాల్సి వస్తుంది.

ఇమ్లిబన్ బస్‌స్టేషన్‌లో దిగగానే తిండి కోసం పరుగెత్తకండి. మూసీ అవతలి ఒడ్డున దగ్గర్లోనే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, ముందు అక్కడికి వెళ్లండి. బస్సు కుదుపులకు అలిసిన పిల్లలకు నీడ, బాత్రూమ్, కూర్చునే చోటు ముందు కావాలి. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం అక్కడుంది. పన్నెండు గంటలకు దాని ముందు ఎంతమంది పోగవుతారో చూస్తే పిల్లలు ఆ మాట ఇంటికొచ్చాక కూడా చెబుతారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకోండి.

ఇక బిర్యానీ. తినబోయే ముందు అది ఎట్లా తయారవుతుందో పిల్లలకు చెప్పండి. హైదరాబాద్‌కు పేరు తెచ్చింది కచ్చీ బిర్యానీ. పెరుగు, అల్లం వెల్లుల్లి, మసాలాలు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసాన్ని అడుగున పరుస్తారు. సగం ఉడికిన బియ్యం పైన వేస్తారు. మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసి, సన్నని సెగ మీద దమ్ చేస్తారు. మాంసం, అన్నం ఒకేసారి ఉడికి రావాలి. ఏది ముందైనా, ఏది వెనకైనా గిన్నె మొత్తం పాడవుతుంది. వంటాయన మూత తీసి చూసేది లేదు, చేతి అలవాటుతోనే తెలుసుకోవాలి. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ప్లేటు ముందు కూర్చున్నప్పుడు వేరుగా ఉంటాడు. తెల్ల మెతుకులు, పసుపు మెతుకులు ఎందుకు కలిసి ఉన్నాయని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ తినిపించండి.

మన పాలమూరు పిల్లలకు కారం కొత్త కాదు, తొక్కులతో పెరిగినవాళ్లే. కొత్తగా ఉండేది నెయ్యి, నూనె, మసాలా బరువు. అందుకని ఇద్దరు పిల్లలకు కలిపి ఒక ప్లేటు తీసుకోండి. పైనున్న అన్నం, మెత్తటి ముక్క, దహీ చట్నీతో మొదలుపెట్టండి. మిర్చీ కా సాలన్ పెద్దవాళ్లకు వదిలేయండి. వద్దంటే బలవంతపెట్టకండి. డబ్బు పెట్టాం కదా అన్న మాట పిల్లల ముందు అననే వద్దు. మీ ఇంట్లో తినని మాంసం ఏదైనా ఉంటే కూర్చోకముందే అడగండి, హోటల్ వాళ్లకు అది రోజూ వినే ప్రశ్నే. శాకాహారులైతే బగారా బైంగన్, ఖట్టీ దాల్ ఉంటాయి. అవీ ఈ ఊరి వంటలే, ఏ తక్కువా లేదు.

చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ పెద్దవాళ్లు తాగండి. డికాక్షన్ చిక్కగా మరిగించి పాలు విడిగా కలిపే చాయ్ అది, పిల్లలకు ఘాటు. వాళ్లకు ఉస్మానియా బిస్కెట్ ఇచ్చి, వేడి పాలు అడగండి. కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉండే ఆ బిస్కెట్ నచ్చని పిల్లలు అరుదు. 1591లో కట్టిన చార్మినార్‌ను అక్కడ నిలబడే చూపించవచ్చు. నిజాం ఏలుబడిలో మన కొల్లాపూర్ కూడా సురభి రాజుల సంస్థానంగా ఉండేదని చెప్పండి. తమ ఊరి కోటకూ, ఈ నగరానికీ పాత సంబంధం ఉందని తెలిస్తే పిల్లలు ఇక్కడ పరాయివాళ్లలా బెదరరు.

మీఠా అంటే నేనైతే ఖుబానీ కా మీఠా వైపే మొగ్గుతాను. ఎండిన ఖుబానీ (ఆప్రికాట్) పండ్లను నానబెట్టి, చక్కెరతో ఉడికించి చేస్తారు. ఆ పండు మన నేల మీద పండేది కాదు, చల్లటి దేశాల నుంచి వర్తకంతో వచ్చింది. భూగోళం పాఠం ఇంతకంటే తియ్యగా ఎవరూ చెప్పలేరు.

పాతబస్తీ గురించి ఇంట్లో పెద్దవాళ్లు భయపెట్టే మాటలు మాట్లాడుతుంటారు. వాటిని పిల్లల చెవిన పడనివ్వకండి. "భయ్యా, కొంచెం నీళ్లు" అని మర్యాదగా అడగడం నేర్పండి, ప్లేటు తీసేసిన మనిషికి "షుక్రియా" చెప్పించండి. రంజాన్ నెలలో వెళ్తే ఉపవాసం ఉన్నవాళ్ల ముందు పిల్లలు తింటూ తిరగకుండా చూసుకోండి, ఎందుకో వివరించండి. ఆ నెలలో సాయంత్రం దొరికే హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమలు, మాంసం, పప్పులు గంటలకొద్దీ ఉడికించి మెదిపి చేస్తారు. మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లలు తినగలరు, కాని బరువైన తిండి. నాలుగు చెంచాలు చాలు.

తాగే నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి. కోసి పెట్టిన పండ్లు, రంగు ఐస్ గోలాలు వద్దు. పొగలు వస్తున్నది ఏదైనా కొంత నయం. సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు ఉంచండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. విరేచనాల్లో రక్తం కనిపించినా, గంటల తరబడి మూత్రం రాకపోయినా సొంత వైద్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ సందడిలోకి వెళ్లే ముందు ప్రతి పిల్ల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.

ఇంకొక సంగతి మీద నాకు పట్టింపు ఎక్కువ. నగరంలో తిన్నది గొప్పది, ఇంట్లో తినేది చిన్నది అన్న భావం పిల్లల్లో నాటుకోవద్దు. సాయంత్రమైతే హైదరాబాద్ రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసి అమ్మే అమ్మలు కనిపిస్తారు. ఆఫీసుల నుంచి ఇంటికి పోయేవాళ్లు బండ్లు ఆపి, వరుసలో నిలబడి కొనుక్కుంటారు. అక్కడ ఒక్క నిమిషం ఆగి పిల్లలకు చూపించండి. మామిడి కాలమైతే చుట్టాల ఇంటికి స్వీటు డబ్బా బదులు మన తోటల కాయలు పిల్లల చేతే ఇప్పించండి. ఆ ఇంట్లో వాళ్లు కోసుకుని తింటూ మెచ్చుకునే మాట పిల్లల చెవిన పడాలి.

అయిదేళ్లు నిండని పిల్లలుంటే ఈ ప్రయాణానికి ఇంకొంత కాలం ఆగండి. వాళ్లకు రుచి గుర్తుండదు, అలసటే మిగులుతుంది. ఆపై వయసు పిల్లల్ని కూడా మే ఎండల్లో తిప్పకండి, ఎంత అడిగినా సరే. దసరా సెలవుల్లో, శుక్రవారం కాని రోజు చూసుకుని తీసుకెళ్లండి.