కల్లు సాక, ఉమ్మెత్త పత్రి: ఒక విజ్ఞాన పరిశీలన

ఆషాఢమాసం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో బోనాల డప్పు మోగుతుంది. పోచమ్మకు, ఎల్లమ్మకు, చెరువు కట్ట మీది మైసమ్మకు బోనంతో పాటు కల్లు సాక పోస్తారు. ఆ తర్వాత వచ్చే వినాయక చవితికి ఇంటింటా ఇరవై ఒక్క రకాల పత్రి సమర్పిస్తారు. అందులో దుత్తూర పత్రం ఒకటి. అంటే మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్త ఆకే. ఒకటి మత్తు పానీయం, మరొకటి విషపు మొక్క. వీటిని దేవుని ముందు పెట్టిన మన పెద్దలు వీటితో ఎట్లా మెలిగారు? సైన్సు విద్యార్థులుగా మనం తెలుసుకోవలసిన విషయమిది.

ఇతర దేశాలలో

ఈ ఆచారం మన ఒక్కరిదే కాదు. మెక్సికో దేశంలోని మజటెక్ తెగవారు ఒక రకం పుట్టగొడుగులను రాత్రిపూట జరిపే వైద్యపూజలో వాడేవారు. 1955లో వాసన్ అనే అమెరికన్ ఆ పూజలో పాల్గొన్నాడు. పూజ జరిపించినామె మరియా సబీనా. 1958లో హాఫ్‌మన్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు ఆ పుట్టగొడుగుల నుండి సైలోసిబిన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. ఉత్తర అమెరికా ఆదివాసులు పెయోటీ అనే ముళ్ళు లేని చిన్న కాక్టస్‌ను ప్రార్థనలో ప్రసాదంగా తీసుకుంటారు. మన ఋగ్వేదంలో తొమ్మిదవ మండలమంతా దాదాపు సోమరసానికే అంకితం. ఆ సోమం ఏ మొక్కో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ పూజలన్నింటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ఇచ్చే మనిషి వేరే ఉంటాడు, దానికొక రోజు ఉంటుంది, కొలత ఉంటుంది. అనగా మత్తుకు ఒక హద్దు ఉంది. వాసన్ 1957లో లైఫ్ పత్రికలో వ్యాసం రాసిన తర్వాత బయటివారు ఆ ఊరికి గుంపులుగా వచ్చిపడ్డారు. దానితో పూజ పవిత్రత పోయిందని మరియా సబీనా చివరిదాకా బాధపడింది. హద్దు చెరిగితే ఏమవుతుందో చెప్పడానికి అదొక ఉదాహరణ.

కల్లు కథ

తాడి, ఈత చెట్ల గెలను గాని, మానును గాని గీస్తే తియ్యటి రసం కారుతుంది. అందులో ఉండేది ముఖ్యంగా సుక్రోజ్. లొట్టిలో పడిన క్షణం నుండి గాలిలోని, లొట్టిలోని ఈస్టు కణాలు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పులియడం ఆగుతుంది. అదే నీరా. పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు 4, 5 శాతం. ఇంకా నిలవుంచితే బాక్టీరియా చేరి ఎసిటిక్ ఆమ్లం పుట్టి పుల్లబడిపోతుంది. అంటే కల్లును దాచుకోవడానికి ప్రకృతే ఒప్పుకోలేదు.

మా నాయనమ్మ "అమ్మకు సాక పొయ్యకుండ నోట్లె పెట్టొద్దు బిడ్డా" అనేది. మొదటి ధార నేలకు, తర్వాతే మనిషికి. ఇది మూఢనమ్మకమని మనం నవ్వుతాం. కానీ తాగే చెయ్యి ఒక్క క్షణం ఆగి ఎవరినో తలచుకోవడం కూడా ఒక హద్దే. అట్లని పాతకాలంలో అందరూ కొలతగా తాగారని కాదు. కల్లు వల్ల కూలిన కొంపలు అప్పుడూ ఉన్నాయి.

నేటి గండం వేరు. పట్నం పెరిగి చెట్లున్న చెలకలు ప్లాట్లయినాయి. చెట్లు తగ్గినా తాగేవారు తగ్గలేదు. ఆ లోటును కొందరు రసాయనాలతో పూడ్చారు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రజోలామ్ నీళ్ళలో కలిపి కల్లని అమ్మారు. ఇవి మెదడు పనిని మందగింపజేసే మందులు. ఆల్కహాలుతో కలిస్తే ఊపిరి కూడా మందగిస్తుంది. రోజూ తాగినవారికి ఇవి అలవాటై, ఒక్కసారిగా మానితే ఫిట్స్, పిచ్చిచూపులు, భ్రమలు వస్తాయి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు అనేకమంది ఇట్లాగే ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో మన జిల్లాలోని కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. కల్లు నమూనాలలో అల్ప్రజోలామ్ బయటపడింది. చనిపోయినవారు తాగింది చెట్టు ఇచ్చిన కల్లు కాదు.

ఉమ్మెత్త కథ

ఉమ్మెత్తను పశువు కూడా ముట్టదు. ఆకులో, గింజలో స్కోపోలమిన్, హయోసయమిన్, అట్రోపిన్ అనే ఆల్కలాయిడులుంటాయి. తింటే నోరు ఎండుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె దడదడలాడుతుంది, మనిషి పిచ్చివాడిలా మాట్లాడుతాడు. ప్రాణం కూడా పోవచ్చు. మొక్క మొక్కకూ విషం పాలు మారుతుంది గనుక ఇంత తింటే ఫరవాలేదనే లెక్కే లేదు. పత్రి తెంపినప్పుడల్లా నాయనమ్మ "చెయ్యి కడుక్కో, కండ్లల పెట్టుకోకు" అని హెచ్చరించేది. ఆ రసం కంటికి తగిలితే పాప విప్పారి చూపు మసకబారుతుందని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆమె చదవకుండానే చెప్పింది. అందుకే ఉమ్మెత్త దేవుని పాదాల దగ్గరికే వెళ్ళింది, మన నోటికి రాలేదు.

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. కొన్ని పురుగుమందులు, ముఖ్యంగా ఆర్గనోఫాస్ఫేట్లు, ఒంట్లోకి పోతే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం పేరుకుపోయి నోట నురగ వస్తుంది, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. అప్పుడు డాక్టరు ఇచ్చే ఇంజక్షన్ అట్రోపిన్. ఉమ్మెత్తను విషం చేసిన పదార్థమే కొలిచి ఇస్తే రైతు ప్రాణం నిలబెడుతుంది. అంతమాత్రాన ఉమ్మెత్త రసం ఇంటివైద్యమని ఎవరూ పొరబడరాదు. కొలత డాక్టరు చేతిలోనే ఉంది.

ముగింపు

విషానికీ మందుకూ తేడా కొలతలో ఉంది. పెద్దలు ఆ హద్దును దేవుని పేరుతో కాపాడారు, సైన్సు దానినే లెక్కతో చెబుతుంది. దేవుడూ లేక, లెక్కా లేక అమ్మే సీసాయే అన్నిటికన్నా ప్రమాదం. మిత్రులారా, వచ్చే బోనాలకు మన ఊళ్ళకు పోయినప్పుడు సాక పొయ్యవద్దని చెప్పనక్కరలేదు. కంపౌండు కల్లులో ఏముంటుందో ఇంట్లో పెద్దలకు విడమరచి చెబుదాం. అలవాటు పడినవారిని ఒక్కరోజులో మానమని గద్దించకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం. మన చదువుకు అంతకన్నా మంచి వినియోగం ఏముంటుంది?