కడుపు చల్లబడితే మాస్కు నిలుస్తుంది

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) అని తేల్చి డాక్టరు, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ రాశారు. అప్పో సొప్పో చేసి కొన్నారు. మొదటి వారం ఉత్సాహంగా మాస్కు పెట్టుకుని పడుకున్నారు. రెండో వారం నుంచి పొట్ట ఉబ్బరం, పులితేన్పులు, గొంతులో మంట. నడిరాత్రి మాస్కు పీకి పక్కన పెట్టడం మొదలైంది. నెల తిరిగేసరికి మిషన్ అటకెక్కింది. ‘నీకు ఓపిక లేదు’ అన్నారు ఇంట్లోవాళ్లు. మీరూ అదే నిజమనుకున్నారు.

దయచేసి అలా అనుకోకండి. మాస్కు నిలవకపోవడానికి మీ మనోబలంతో సంబంధం లేని కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తరచూ ఎవరూ అడగని కారణం రాత్రిపూట కడుపులోంచి పైకి ఎగదన్నే ఆమ్లం. దాన్ని అలాగే వదిలేసి ఎంత పళ్లు బిగించినా ఫలితం తక్కువ. దారికి అడ్డుపడుతున్నదేమిటో కనిపెట్టి తొలగించుకునేవాడే అసలు పట్టుదల గలవాడు.

ఎందుకింత పట్టింపు?

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా చాలా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుంది. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్లు దాటితే జబ్బు మొదలైనట్టు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం వంటి ముప్పులు దీని వెంటే వస్తాయి. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువారిని ఊపేసిన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూశారు. ఆయనకు వైద్యం చేసినవారు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు ఉంది.

మన్యంలో దీనికి ఇంకో ముఖం ఉంది. రాత్రి నిద్ర చెడినవాడు పగలు కునుకుతాడు. ఆ కునుకు మారేడుమిల్లి, చింతూరు ఘాట్ మలుపుల్లోనో, సీలేరు దారిలోనో స్టీరింగు ముందు వస్తే పోయేది ఒక్కడి ప్రాణం కాదు. జీపు, బస్సు, లారీ నడిపేవారు, నైట్ డ్యూటీ చేసేవారు తమ గురకను తేలిగ్గా తీసుకోకూడదు.

గేటు సంగతి తెలుసుకోండి

మన్యంలోని డొంకరాయి వాళ్లకు గేటు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. సీలేరు నీటిని ఆపే ఆనకట్ట, 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం, అక్కడి నుంచి దిగువ సీలేరు ప్రాజెక్టుకు సాగే కాలువ... ఎప్పుడు నిలపాలో, ఎంత వదలాలో అన్న లెక్క మీదే అక్కడి పని నడుస్తుంది. మన అన్నవాహిక అడుగున కూడా అలాంటి ఒక కండరపు గేటు ఉంది. అన్నం కిందికి దిగేటప్పుడు తెరుచుకుంటుంది, దిగాక మూసుకుంటుంది.

ఊపిరి ఆగినప్పుడు ఛాతీ గాలి కోసం బలంగా లాగుతుంది. లోపలి పీడనం పడిపోతుంది. గేటు వదులుగా ఉంటే ఆ లాగుడుకు కడుపులోని ఆమ్లం పైకి వచ్చే అవకాశం పెరుగుతుంది. అది గొంతు దాకా వస్తే అక్కడి పొర రేగుతుంది, వాస్తుంది, దగ్గు పుట్టి నిద్ర చెదురుతుంది. అధిక బరువు ఊపిరి ఆగడాన్నీ, ఆమ్లం పైకి రావడాన్నీ ఎగదోస్తుంది. అందుకే ఈ రెండు జబ్బులూ చాలామందిలో జంటగా కనిపిస్తాయి.

1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా నిలపవచ్చని చూపించారు. అదే సీప్యాప్. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ఈ మిషన్‌ను క్రమంగా వాడినవారిలో రాత్రి ఆమ్లం బాధ దాదాపు సగం తగ్గినట్టు తేలింది. అంటే మిషన్ మీ కడుపుకు కూడా మిత్రుడే. అయితే కొందరిలో ఆ గాలి కొంత కడుపులోకి దిగి ఉబ్బరం తెస్తుంది. గేటు వదులుగా ఉన్నవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. అలాంటివారు మాస్కు వదిలేసే అవకాశం ఉంది. కాబట్టి రెంటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఆమ్లం తగ్గించే మాత్ర ఊపిరి ఆగడాన్ని నయం చేయదు. నిద్ర చెదరడాన్ని తగ్గించి, మాస్కుతో నెగ్గుకొచ్చే వీలు కల్పిస్తుంది. మిషన్ ఆపేసి మాత్రతో సరిపెట్టుకోవద్దు.

ఈ రాత్రి నుంచే ఏడు పనులు

1. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచండి. రాత్రి ఏడింటికి తిని పదింటికి పడుకోండి. నైట్ షిఫ్టు దిగి పొద్దున పడుకునేవారికీ ఇదే సూత్రం. పడుకోబోయే ముందు కడుపు నిండా టిఫిన్ వద్దు. ఆకలిగా ఉంటే చిన్న గ్లాసు చోడి అంబలి చాలు. బొంగులో చికెన్ లాంటి విందు భోజనం మధ్యాహ్నానికి మార్చుకోండి.

2. సాయంత్రం గ్లాసు పక్కన పెట్టండి. జీలుగు కల్లయినా, ఇప్పసారాయైనా, సీసా బ్రాందీయైనా మద్యం కడుపు గేటునీ గొంతు కండరాలనీ కలిపి వదులు చేస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి అది రెండు వైపులా దెబ్బ. చుట్ట, బీడీ కూడా గేటును బలహీనపరుస్తాయి. మన్యం కాఫీ ఇష్టమైతే పొద్దున్నే తాగండి.

3. మీకు పడనిదేదో రాసుకోండి. అందరికీ ఒకే పథ్యం ఉండదు. ఒకరికి మిరపకాయ బజ్జీ, ఇంకొకరికి చింతపండు పులుసు, మరొకరికి వేపుడు. రెండు వారాలు చిన్న పుస్తకంలో రాత్రి ఏం తిన్నారో, మంట వచ్చిందో లేదో రాయండి. నెపం ఎవరి మీదో వేయకుండా మీ ఒంటిని మీరే చదువుకోవడం గొప్ప అలవాటు.

4. మంచం తలవైపు ఎత్తండి. తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చెక్క దిమ్మలు కదలకుండా పెట్టండి. రెండు మూడు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది, మంట పెరగవచ్చు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. అలా పడుకుంటే అన్నవాహికలోకి వచ్చిన ఆమ్లం త్వరగా కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకోవడం కన్నా పక్కకు తిరగడం చాలామందికి ఊపిరి విషయంలోనూ మేలు.

5. మాత్ర వేళకు వేసుకోండి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి భోజనానికి అరగంట నుంచి గంట ముందు, ఖాళీ కడుపున పనిచేస్తాయి. తిన్నాక వేసుకుని ‘నాకు పట్టలేదు’ అనేవారు ఎందరో. పొద్దునా రాత్రా, ఎన్ని వారాలు అన్నది డాక్టరు చెప్పాలి. కిరాణా కొట్టులో అడిగి ఏళ్ల తరబడి మింగకండి. ఒళ్లు నొప్పులకు మింగే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కడుపును మరింత చెడగొడతాయని కూడా గుర్తుంచుకోండి.

6. మిషన్‌ను సరిచేయించుకోండి. పొట్ట ఉబ్బుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఒత్తిడి తగ్గించడం, అవసరాన్ని బట్టి తనంతట తాను ఒత్తిడి మార్చుకునే రకానికి మారడం, నోటి నుంచి గాలి కారకుండా మాస్కు మార్చడం వంటి మార్గాలున్నాయి. చలికాలంలో ముక్కు ఎండిపోతే తేమనిచ్చే హ్యూమిడిఫయర్ వాడండి. ఒత్తిడిని సొంతంగా మార్చుకోవద్దు.

7. బరువు మీద చెయ్యి వేయండి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగి 2000లో వెలువడిన దీర్ఘకాల అధ్యయనం ప్రకారం, బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగే సార్ల సంఖ్య సుమారు నాలుగో వంతు తగ్గింది. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు. నెలకు కిలో చొప్పున తగ్గినా ఏడాది తిరక్కుండానే అందే లక్ష్యం.

కొండ మీద ఉన్నవారు ముందుచూపుతో ఉండాలి

గాలివానకు చెట్టు పడితే కరెంటు పోతుంది, వానాకాలంలో దారి తెగుతుంది. ఇది తెలిసినవాళ్లు ముందే సర్దుకుంటారు. మీ మిషన్‌కు సరిపడే బ్యాటరీయో ఇన్వర్టరో కొన్నచోటే అడిగి తీసుకోండి. వానలకు ముందే నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉంచుకోండి. నిద్ర పరీక్షకు ఊపిరితిత్తుల వైద్యుడినో చెవి, ముక్కు, గొంతు వైద్యుడినో కలవాలి. అంటే భద్రాచలం, రాజమహేంద్రవరం, విశాఖ వైపు దిగాల్సి రావచ్చు. వెళ్లే ముందు పీహెచ్‌సీ డాక్టరుకు చూపించి, ఈ-సంజీవని ద్వారా సలహా దొరుకుతుందేమో అడగండి. మీ గురకను ఇంట్లోవాళ్ల చేత రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేయించి వెంట తీసుకెళ్లండి.

మింగేటప్పుడు అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఉంటే ఆలస్యం చేయవద్దు. నడిస్తే వచ్చే ఛాతీ నొప్పిని, చెమటతోనో ఆయాసంతోనో చెయ్యికో దవడకో పాకే నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

గెలుపును లెక్కించండి

వైద్యులు కనీస వాడకంగా చూసేది రాత్రికి 4 గంటలు, పది రాత్రుల్లో ఏడు. అంటే నెలకు 21 రాత్రులు. మొదటి రోజే ఎనిమిది గంటలు పెట్టుకోవాలని శపథాలు చేయకండి. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. తర్వాత రాత్రి రెండు గంటలు, ఆపైన నాలుగు. నాలుగు దాటాక ఆగకండి, పడుకున్నంతసేపూ ఉంచుకోవడమే గమ్యం. క్యాలెండరులో టిక్కు పెట్టండి. ఒక రాత్రి తప్పితే మరుసటి రాత్రి మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం: ‘నీకు ఓపిక లేదు’ అన్న మాట మానేసి, ‘రాత్రి ఎక్కడ ఇబ్బందైంది?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న సగం వైద్యం.

అటకెక్కిన మిషన్ ఈ పూటే దించండి. మాస్కు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. రాత్రి భోజనం ముందుకు జరపండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి గురకతో పాటు కడుపు మంట గురించి కూడా నోరు తెరిచి చెప్పండి.