పొలిమేర కాపలా ఎవరి పని?

వినగడప

చిరంజీవి మనవరాలికి,

ఇరుగుపొరుగు దేశాలు కలిసి ఒకే సరిహద్దు దళం పెట్టుకోవడం సాధ్యమేనా అని నీ వ్యాసం కోసం అడిగావు. సాధ్యమే. కానీ యూనిఫాం కుట్టించే ముందు ఒక సంగతి తేలాలి. ఆ దళంలోని జవాను తప్పు చేస్తే ఏ దేశపు కోర్టు విచారిస్తుంది?

యూరోపియన్ యూనియన్ 2004లో ఫ్రాంటెక్స్ అనే సంస్థను పెట్టింది. ఆఫీసు వార్సాలో. చాలా ఏళ్లు సభ్యదేశాలు పంపిన మనుషులతోనే నడిచింది. 2027 నాటికి 10,000 మందితో ఉమ్మడి దళం ఉండాలని 2019లో చట్టం చేశారు. ఆ దళంవాళ్లు గ్రీసులో పనిచేస్తే గ్రీసు అధికారుల ఆదేశాలే వినాలి. అక్కడ నేరం చేస్తే గ్రీసు అధికారులకు వర్తించే చట్టమే వాళ్లకూ వర్తిస్తుంది. ముందు చెప్పిన చిక్కుముడిని వాళ్లు విప్పుకున్నది ఇలాగే.

ఇక మన సంగతి. మన వినగడప ఉన్న గంపలగూడెం మండలం దాటితే తెలంగాణలోని ఖమ్మం జిల్లా. నైజాం రోజుల్లో అటు సరుకు తీసుకెళ్తే కరోడ్‌గిరీ (నైజాం సుంకాల శాఖ) వాళ్లకు సుంకం కట్టాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆ సరిహద్దు గీత చెరిగిపోయింది, 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయి మళ్లీ వచ్చింది. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది. అయినా రెండు మూడు రాష్ట్రాల భాగాలను కలిపి ప్రత్యేక పోలీసు జిల్లా చేసే అధికారం 1888 పోలీసు చట్టం కేంద్రానికి ఇచ్చింది. రాష్ట్ర విభజన చట్టం కూడా హైదరాబాదులోని గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళపు శిక్షణ కేంద్రాన్ని మూడేళ్లకు మించకుండా రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉంచి, నిర్వహణ కేంద్రానికి అప్పగించింది. ఆ తర్వాత అది తెలంగాణది. గడువు, యజమాని ముందే రాసిపెట్టారు కాబట్టి ఆ ఏర్పాటు నాకు నచ్చింది.

అలా రాసుకోనిచోట ఏమవుతుందో 2021 మేలో చూశాం. ఆంధ్ర నుంచి కోవిడ్ రోగులతో హైదరాబాదు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇవ్వాల్సి వచ్చింది. ఒకే రాజ్యాంగం, ఒకే భాష ఉన్నచోటే ఇలా జరిగింది. ఊపిరాడని రోగిని ఎవరు పంపాలో, ఎవరు ఆపాలో చెప్పే ఉమ్మడి అధికారి గీతకు ఇటూ లేడు, అటూ లేడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే నీ వ్యాసంలో దళం సంఖ్యతో మొదలుపెట్టకు. రెండు వైపుల పోలీసులూ ఒకే గదిలో కూర్చునే చెక్‌పోస్టుతో మొదలుపెట్టు. అక్కడ ఎవరి మాట చెల్లుతుందో, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, జీతం ఎవరిస్తారో రాయి. రాసింది నాకు పంపు, చదివి చెబుతాను.

మీ తాతయ్య