మనసు బాగోలేని రోజుల్లో ఉపవాసం మళ్ళీ మొదలుపెట్టడం ఎలా? పెసరకట్టు నాకు నేర్పిన పాఠం



ఈ వారం వీడియోలో పెసరకట్టు, సొరకాయ సూప్ చేసి చూపించాను కదా. కొలతలు గబగబా చెప్పేశాను, అందుకని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దాంతోపాటు కెమెరా ముందు చెప్పడానికి మొహమాటపడిన సంగతి కూడా ఒకటుంది. ఇంట్లో కష్టం వచ్చి ఉపవాసం మానేసి, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక లోలోపల బాధపడేవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. వాళ్ళ కోసమే ఇది.

ఎందుకు మానేశాను

పదేళ్ళుగా నాకు ఏకాదశి ఉపవాసం అలవాటు. మిగతా రోజుల్లో కూడా రాత్రి 7 గంటలకల్లా తినడం ముగించి, మర్నాడు పొద్దున 9 దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేదాన్ని కాదు. అంటే 14 గంటలు కడుపుకి విశ్రాంతి. ఇప్పటి పిల్లలు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అంటున్నది ఇదేనండీ.

వేసవిలో మా అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రాజమండ్రి నుంచి మా ఇంటికే తీసుకొచ్చేశాం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యాంటీన్ టీ, బిస్కెట్లే నా భోజనం. ఇంటికొచ్చాక అమ్మ కోసం రాత్రి రెండు మూడుసార్లు లేచేదాన్ని. లేచినప్పుడల్లా వంటింట్లో చీకట్లో నిలబడి డబ్బాలోంచి జంతికలు తినేదాన్ని. అది ఆకలి కాదని నాకూ తెలుసు. చెయ్యి మాత్రం ఆగేది కాదు.

మూడు నెలల్లో 4 కిలోలు పెరిగాను. రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ వ్యాధికి ముందు మెట్టు మీద ఉన్నట్టు లెక్క.

నేను చేసిన పొరపాటు

ఆ రిపోర్టు చూసి భయపడిపోయాను. ఆ వారంలోనే ఏకాదశి వచ్చింది. నీళ్ళు కూడా ముట్టకుండా ఉండాలని పట్టుపట్టాను. ఇన్నాళ్ళు మానేసినందుకు ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో బేరం కూడా ఉంది. నేను మాడితే అమ్మ త్వరగా లేచి నడుస్తుందని.

సాయంత్రం 4 అయ్యేసరికి తల పగిలిపోతోంది, చేతులు వణుకుతున్నాయి. అమ్మ మంచినీళ్ళు అడిగింది. "ఇప్పుడే కదా ఇచ్చానూ!" అని విసుక్కుని, గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అంది: "ఒసే, మాడమని దేవుడు నిన్ను అడిగాడుటే? ఇంత చారు కాచుకు తాగి, వచ్చి నా దగ్గర కూచో."

వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత పెసరపప్పు కడిగాను. ఏకాదశినాడు పప్పు తినకూడదని తెలుసు. అయినా ఆ రోజు అదే కాచుకున్నాను.

'ఉప' అంటే దగ్గర, 'వాసం' అంటే ఉండటం, భగవంతుడికి దగ్గరగా ఉండటమే ఉపవాసం అని ఇదే ఛానల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! ఆ రోజు నా కడుపు ఖాళీగానే ఉంది. దగ్గరగా ఉండటం మాత్రం లేదు, దేవుడికీ లేదు, పక్క గదిలో ఉన్న అమ్మకీ లేదు.

పెద్దవాళ్ళు మెట్లు పెట్టారు

మన ఆచారంలో ఉపవాసం అంటే ఒకటే పద్ధతి కాదు. కార్తీకమాసం సంగతే చూడండి. పూర్తిగా ఉండలేనివాళ్ళకి ఏకభుక్తం ఉంది, అంటే పగలు ఒక్కపూట భోజనం. నక్తం ఉంది, పగలంతా ఉండి నక్షత్రాలు కనిపించాక తినడం. అయాచితం ఉంది, అడగకుండా ఎవరైనా పెడితేనే తినడం. ఎవరి శక్తిని బట్టి వాళ్ళకి ఒక మెట్టు.

ఆయుర్వేదంలోనూ అంతే. శోధన చికిత్స అయినవాళ్ళకి వెంటనే అన్నం పెట్టరు. ముందు పేయ అనే పల్చటి గంజి, తర్వాత విలేపి అనే చిక్కటి జావ, ఆపైన యూషం, అంటే పప్పుకట్టు. దీన్ని సంసర్జన క్రమం అంటారు. నీరసించిన కడుపుని మెల్లిగా దారిలో పెట్టడానికే ఈ క్రమం. మన పెసరకట్టు ఆ యూషమేనండీ.

శరీరం సంగతి

ఆందోళనలో ఉన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది కాలేయం చేత రక్తంలోకి చక్కెర ఎక్కువగా వదిలిస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, చాలనిపించేది తగ్గుతుంది. అందుకే అర్ధరాత్రి చెయ్యి జంతికల డబ్బా మీదికి పోతుంది. అలాంటప్పుడు పట్టుపట్టి కఠిన ఉపవాసం చేస్తే ఒంటికి అది ఇంకో ఒత్తిడి అవుతుంది.

ఇంకో మాట. ఏకాదశి ఉపవాసానికే నోబెల్ వచ్చిందని ప్రచారం జరుగుతూ ఉంటుంది. అది సరికాదు. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి నోబెల్ వచ్చింది ఆటోఫజీ మీద చేసిన పరిశోధనకి. కణం తనలోని పాత భాగాలను తానే కరిగించి మళ్ళీ వాడుకోవడం అది. ఆయన దాన్ని ముఖ్యంగా ఈస్ట్ కణాల్లో పరిశీలించారు. మన వ్రతం గొప్పది అని చెప్పడానికి లేనిది కల్పించక్కర్లేదు కదా.

నేను మళ్ళీ మొదలుపెట్టిన తీరు

మొదటి రెండు వారాలు 12 గంటలే. రాత్రి 7.30కి ముగించి, పొద్దున 7.30కి కాఫీ. మూడో వారం 13 గంటలు. 14 గంటలకి రావడానికి నెలన్నర పట్టింది. రాత్రి భోజనం బదులు ఒక పెద్ద గ్లాసు సూప్, ఆకలి ఉంటే దాంతో కాస్త అన్నమో ఒక పుల్కానో. అమ్మకీ అదే, నాకూ అదే. ఇద్దరం కలిసి తాగుతాం.

సూప్ తాగితే ఉపవాసం చెడదా అంటే, చెడుతుందండీ. సూప్ ఆహారమే. అందుకే అది తినే వేళలోనే. ఆ తర్వాత మంచినీళ్ళు మాత్రమే.

పెసరకట్టు (ఇద్దరికి): 50 గ్రాముల పెసరపప్పు కడిగి, 4 కప్పుల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికించి మెదపాలి. అర చెంచా నెయ్యిలో జీలకర్ర, దంచిన మిరియాలు, అల్లం ముక్కలు, కరివేపాకు వేయించి కలపాలి. దించాక నిమ్మరసం పిండాలి. అంత పప్పులో సుమారు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

సొరకాయ సూప్: 2 కప్పుల లేత ముక్కలు, అంగుళం అల్లం, జీలకర్ర వేసి ఉడికించి మిక్సీ పట్టి, మిరియాల పొడి చల్లాలి. కోసేటప్పుడు ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ప్రమాదకరం. ఇందులో పప్పు, ధాన్యం లేవు కాబట్టి ఏకాదశికి నేను ఇదే చేసుకుంటున్నాను, సైంధవ లవణంతో. సైంధవమైనా ఉప్పు ఉప్పే, బీపీ ఉన్నవాళ్ళు తగ్గించుకోండి.

మునగాకు చారు: రెండు టమాటాలు, గుప్పెడు మునగాకు, మిరియాలు, జీలకర్ర. ఓపిక లేని రోజు 15 నిమిషాల్లో అయిపోతుంది.

మధ్యాహ్నమే పప్పు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. సాయంత్రం అలిసిపోయి ఉన్నప్పుడు ఏం తినాలా అని ఆలోచించే పని ఉండకూడదు. ఆ ఆలోచన దగ్గరే నేను తప్పిపోయేదాన్ని.

ఒక్క హెచ్చరిక. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం చెయ్యొద్దు, చక్కెర బాగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బాగా బరువు తగ్గి నీరసంగా ఉన్నవాళ్ళు అసలు వద్దు. కళ్ళు తిరిగితే, వణుకు వస్తే వెంటనే తినండి. దానివల్ల ఏ దోషమూ రాదు.

ఇప్పుడు

నాలుగు నెలలు అయ్యింది. హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. సాయంత్రం నడక కూడా పెట్టుకున్నాను కాబట్టి అంతా సూప్ గొప్పతనమే అనను. వారంలో ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ తప్పుతాను. మర్నాడు మళ్ళీ 12 గంటలతో మొదలుపెడతాను, ప్రాయశ్చిత్తం ఏమీ లేకుండా.

అమ్మ వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వస్తోంది. నిన్న అక్కడే నిలబడి, "మిరియాలు తక్కువేశావే" అంది. మీరూ ఈ రాత్రికి ఒక గ్లాసు చారు కాచుకోండి. ఇంట్లో ఎవరి పక్కనైనా కూచుని తాగండి. అక్కణ్ణుంచి మొదలుపెడితే చాలు.

శుభం.